పంజరం కొనే ముందు ఇంటిని కొలవాలి

పెంపుడు పక్షికి ఎలాంటి గూడు కావాలో దుకాణంలో వేలాడే పంజరాలు చెప్పవు. దాని రెక్కలు, కాళ్లు, ఊపిరితిత్తులు, కళ్లు చెబుతాయి.

సూరత్ నగరంలోని పర్వత్ పాటియాలో పై అంతస్తులో ఉన్న ఒక చిన్న ఫ్లాట్ అనుకుందాం. రెండు గదులు, వంటిల్లు, పడమర వైపు మూరెడు బాల్కనీ. మగ్గాల పనికి, బట్టల మార్కెట్లలో పనికి తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్, పర్వత్ పాటియా చుట్టుపక్కల దశాబ్దాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇలాంటి ఇళ్లు కొత్త కాదు. పరీక్షలు అయిపోయాయి, ఒక జత పిట్టలు కావాలని పిల్లలు పట్టుపట్టారు. దుకాణంలో పిట్టలను ఎంచుకోవడానికి అరగంట పడుతుంది, పంజరానికి ఐదు నిమిషాలు. దుకాణదారు ఒక గుండ్రటి పంజరం దించి, రెండు గిన్నెలు, ఒక మట్టి కుండ జతచేసి ఇస్తాడు. ఇంటికి తెచ్చి బాల్కనీ కొక్కేనికి తగిలిస్తారు. నెల ఏప్రిల్. మధ్యాహ్నం మూడింటికి ఆ బాల్కనీ ఎంత కాగుతుందో అప్పటిదాకా ఎవరూ కొలిచి ఉండరు.

చాలా పెంపుడు పక్షుల కష్టాలు ఈ వరుసలోనే మొదలవుతాయి. పక్షి ముందు, పంజరం తర్వాత, ఇంటి సంగతి చివర. ఇది తిరగబడాలి. ముందు ఇల్లు, తర్వాత జాతి, ఆ తర్వాత పంజరం, అన్నిటికన్నా చివర పక్షి.

ఏ పక్షి?

మొదటి వడపోత చట్టానిది. రామచిలుక, పెద్ద రామచిలుక, ఎర్ర మునియా వంటి మన దేశపు పక్షులను పట్టుకోవడం, అమ్మడం, పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. ఎంత ప్రేమగా సాకినా, ఎంత పెద్ద పంజరం కట్టినా ఇందులో మార్పు లేదు.

ఇక మిగిలినవి విదేశీ జాతులు. మన ఊళ్లలో 'లవ్ బర్డ్స్' పేరుతో అమ్మే పక్షుల్లో ఎక్కువ భాగం నిజానికి ఆస్ట్రేలియాకు చెందిన బడ్జరిగర్లు, వాడుకలో బడ్జీలు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికా చిలుకలు. వాటి ముక్కు ఇంకా బలమైనది, సన్నటి తీగను వంచగలదు. పేరు సరిగా తెలియకపోతే పంజరమూ తప్పిపోతుంది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం 'సైటిస్' జాబితాల్లో ఉన్న విదేశీ జాతులను పెంచేవారు వాటి వివరాలను కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. 2022 చట్ట సవరణ ఆధారంగా 2024లో దీనికి నియమాలు వచ్చాయి. బడ్జీ, కాకటీల్, గులాబి ముఖపు లవ్‌బర్డ్ ఆ జాబితాల్లో లేవు. మిగతా చిలుకలు దాదాపు అన్నీ ఉన్నాయి. కొనే ముందు జాతి పేరు రాసి ఉన్న రసీదు అడిగి తీసుకోవాలి.

పక్షులను పంజరాల్లో బంధించడం వాటి స్వేచ్ఛను హరించడమేనని 2011లో గుజరాత్ హైకోర్టు ఒక తీర్పులో అభిప్రాయపడింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యాయస్థానాల ముందున్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టినా, ఎగరడం పక్షికి ఎంత అవసరమో భౌతికశాస్త్రం కూడా చెప్పగలదు.

రెక్కల లెక్క

1968లో అమెరికా శాస్త్రవేత్త వాన్స్ టక్కర్ బడ్జీలను విండ్ టన్నెల్‌లో ఎగిరించి, వేర్వేరు వేగాల దగ్గర అవి ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నాయో కొలిచారు. గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగం దగ్గర ఖర్చు అతి తక్కువగా తేలింది. అంతకన్నా వేగంగా ఎగిరినా, నెమ్మదిగా ఎగిరినా ఖర్చు పెరుగుతుంది. వేగం తగ్గితే శ్రమ తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ నెమ్మదిగా ఎగిరే పక్షికి రెక్కల మీదుగా వచ్చే గాలి తక్కువ. గాలిలో నిలబడాలంటే ఆ కొద్ది గాలినే మరింత బలంగా కిందికి తోయాలి.

గంటకు 35 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 10 మీటర్లు. దుకాణంలో ఎక్కువగా కనిపించే 45 సెంటీమీటర్ల పంజరాన్ని ఆ వేగంతో దాటడానికి సెకనులో 20వ వంతు చాలు. అంటే అందులో పక్షి ఎగరదు. రెక్కలు విప్పేలోపే ఆగాలి. పంజరం ఎంత పెద్దదైనా ఈ లెక్క పెద్దగా మారదు. రెండు మీటర్ల పంజరం కూడా సెకనులో అయిదో వంతు మాత్రమే. అందుకే పంజరాన్ని పక్షి ఇల్లుగా కాక పడకగదిగా లెక్కేసుకోవాలి. దాని అసలు ఇల్లు, రోజూ తలుపు తెరిచి ఎగరనిచ్చే గది. అలాంటి గది ఇవ్వలేనప్పుడు ఎంత ఖరీదైన పంజరమూ ఆ లోటు తీర్చదు.

అయినా పడకగదికీ కొలతలున్నాయి. జర్మనీలో వ్యవసాయ మంత్రిత్వ శాఖ కోసం 1995లో నిపుణులు రాసిన కనీస ప్రమాణాల్లో, 25 సెంటీమీటర్ల లోపు శరీర పొడవున్న చిలుకల జతకు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు చెప్పారు. దాదాపు 18 సెంటీమీటర్లుండే బడ్జీ ఈ వర్గంలోకి వస్తుంది. 25 నుంచి 40 సెంటీమీటర్ల పక్షులకు రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. సుమారు 32 సెంటీమీటర్లుండే కాకటీల్ ఇందులోకి వస్తుంది. చిన్న ఫ్లాట్‌లో రెండు మీటర్ల పంజరం అంటే దాదాపు ఒక మంచం స్థలం. అంటే కాకటీల్ ఆ ఇంటి పక్షి కాదని టేపుతో కొలవగానే తెలిసిపోతుంది.

ఆకారం కూడా ముఖ్యమే. 40 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 100 ఎత్తున్న పంజరాన్ని పక్కకు పడుకోబెడితే లోపలి చోటు మారదు. పక్షికి మాత్రం చాలా మారుతుంది. హెలికాప్టర్‌లా నిట్టనిలువునా లేవడం బడ్జీకి ఎంతో ఖర్చు. దాని ప్రయాణమంతా అడ్డంగానే. నిలువు పంజరంలో పై భాగం ఒక్కటే వాడుకలో ఉంటుంది, కిందిదంతా వృథా. గుండ్రటి పంజరంలో భయపడ్డప్పుడు ఒదిగే మూల ఉండదు, పైన ఊచలు ఒకచోటికి చేరే సందులో కాలివేళ్లు ఇరుక్కుంటాయి. కాబట్టి పొడవైన, దీర్ఘచతురస్రాకారపు పంజరమే మేలు.

ఊచలు, కొమ్మలు

ఊచల మధ్య సందుకు సూత్రం ఒకటే: పక్షి తల దూరకూడదు. తల దూరితే వెనక్కి రాక ఉరి పడుతుంది. బడ్జీకి 12 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం లోపు. కాకటీల్‌కు 18 మిల్లీమీటర్ల లోపు. ఊచల్లో కొన్నైనా అడ్డంగా ఉండాలి. చిలుకలు ముక్కుతో పట్టుకుని పైకి పాకుతాయి. నిట్టనిలువు పాకుడులో గులాబి ముఖపు లవ్‌బర్డ్స్ ముక్కును కేవలం ఊతగా కాక, శరీరాన్ని పైకి లాగే మూడో కాలిగా వాడతాయని 2022లో అమెరికా పరిశోధకులు బలాన్ని కొలిచి చూపించారు.

ముక్కుతో పాకే పక్షి ఊచలను కొరుకుతుంది కూడా. చవకగా దొరికే జీఐ జాలీకి తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది. అతుకుల దగ్గర ఆ జింకు చిన్న చుక్కలుగా, పొడిగా నిలుస్తుంది. దాన్ని మింగిన పక్షికి విషం ఎక్కుతుంది. నీరసం, వాంతులు, నీళ్ల రెట్టలు, ఆపై ప్రాణాపాయం. స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నిటికన్నా భద్రం. అంత పెట్టలేనివారు నాణ్యమైన పౌడర్ కోటింగ్ ఉన్నది తీసుకుని, పెచ్చులు లేచిన రోజునే మార్చాలి. జీఐ జాలీయే దిక్కయితే వెనిగర్‌తో, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టి వాడాలి. దీంతో ముప్పు తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు.

లోపల వాలడానికి ఇచ్చే ప్లాస్టిక్ కడ్డీలు అన్నీ ఒకే లావు, ఒకే నునుపు. రోజంతా వాటి మీదే నిలబడితే పాదంలో ఒకే చోట ఒత్తిడి పడి, చర్మం పలచబడి, పుండవుతుంది. మందులు చల్లని జామ, వేప కొమ్మలను కడిగి ఆరబెట్టి, చిటికెన వేలి లావు నుంచి బొటనవేలి లావు దాకా రకరకాలుగా అమర్చితే ఒత్తిడి రోజూ చోటు మారుతుంది. రెండు కొమ్మలను చెరో చివర పెట్టి మధ్యలో ఖాళీ వదలాలి. నీళ్ల గిన్నె మీదుగా కొమ్మ ఉండకూడదు, రెట్టలు అందులోనే పడతాయి.

మూడు గంటల పరీక్ష

ఇక పంజరం పెట్టే చోటు. బడ్జీ శరీర ఉష్ణోగ్రత 41 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. వేడి ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి ప్రవహిస్తుంది. చుట్టూ గాలి 25 డిగ్రీలుంటే శరీరం నుంచి వేడి తేలిగ్గా బయటికి పోతుంది. 35 దగ్గర తేడా ఆరు డిగ్రీలే. 41 దగ్గర సున్నా. అక్కడి నుంచి ఒక్కటే దారి: నీటిని ఆవిరి చేయడం. పక్షికి చెమట గ్రంథులు లేవు కాబట్టి నోరు తెరిచి వగరుస్తుంది, రెక్కలను ఒంటికి దూరంగా పట్టుకుంటుంది. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆ ఆవిరి కూడా మందగిస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న సూరత్‌లో ఎండ, ఉక్కపోత కలిసి వచ్చే రోజులు తక్కువేమీ కావు.

బడ్జీలు ఎడారి పక్షులు కదా, వేడిని తట్టుకుంటాయిలే అనుకోవడం పొరపాటు. 2009 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో 45 డిగ్రీలు దాటిన వడగాల్పులకు బడ్జీలు వేల సంఖ్యలో చనిపోయాయి. ఎగిరి నీడకు, నీటికి చేరగలిగే అడవి పక్షుల గతే అది. కొక్కేనికి వేలాడే పంజరంలోని పక్షికి ఆ అవకాశం కూడా లేదు.

కాబట్టి పక్షిని కొనే ముందు ఒక చిన్న ప్రయోగం చేయాలి. గదిలో పంజరం పెట్టాలనుకున్న చోట, అదే ఎత్తులో ఒక థర్మామీటర్ తగిలించాలి. వేసవిలో మూడు రోజులు, ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రాసుకోవాలి. రాత్రి లెక్క ఎందుకంటే, పగలంతా ఎండ తాగిన స్లాబు, పడమటి గోడ ఆ వేడిని చీకటి పడ్డాక వదులుతాయి. పై అంతస్తుల్లో, రేకుల కప్పుల కింద ఇది మరీ ఎక్కువ. మధ్యాహ్నం 35 దాటే చోటును వదిలేయడం మంచిది. తర్వాత పక్షి లేనప్పుడే అక్కడ ఒక అగరుబత్తి వెలిగించి పొగను చూడాలి. పొగ నెమ్మదిగా పైకి పోతూ చెదిరితే గాలి ఆడుతున్నట్టు. తీగలా ఒకే వైపు కొట్టుకుపోతే అది ఎదురుగాలి, శీతాకాలంలో పక్షికి చలి పెడుతుంది. అక్కడక్కడే సుడి తిరిగితే గాలి ఆడని మూల.

ఆ ఇంటి పడమటి బాల్కనీ ఈ పరీక్షలో నెగ్గడం కష్టం. లోపలి గదిలో, ఒక వైపు గోడ ఆనుకుని, మనిషి ఛాతీ ఎత్తులో ఉన్న చోటు సాధారణంగా నెగ్గుతుంది. గోడ ఆసరా ఉంటే వెనక నుంచి ఏమీ రాదన్న ధైర్యం పక్షికి ఉంటుంది. బాల్కనీకి ఇంకో ఇబ్బంది పావురాలు. వాటి రెట్టల నుంచి వచ్చే సూక్ష్మజీవులు పెంపుడు పక్షికీ, మనుషులకూ సోకుతాయి.

వంటింటి గోడకు అవతల

పరీక్ష చేసిన అగరుబత్తిని పక్షి వచ్చాక ఆ గదిలో వెలిగించకూడదు. మన ఊపిరితిత్తుల్లో గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పక్షిలో ఊపిరితిత్తులకు తోడు గాలి సంచులుంటాయి. ఒకసారి పీల్చిన గాలి బయటికి రావడానికి రెండు శ్వాసలు పడుతుంది, ఊపిరితిత్తుల గుండా అది ఒకే దిశలో సాగుతుంది. పీల్చినప్పుడూ వదిలినప్పుడూ తాజా గాలి అందుతూనే ఉంటుంది. ఎగరడానికి కావలసిన ఆక్సిజన్ ఇలా దొరుకుతుంది. అదే నేర్పుతో విషాన్ని కూడా లాగేసుకుంటుంది. బొగ్గు గనుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టడానికి బ్రిటన్ 1986 దాకా కానరీ పక్షులను వాడింది ఈ కారణంగానే.

ఇంట్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నాన్‌స్టిక్ పెనం. దాని పూత అయిన పీటీఎఫ్‌ఈ 260 డిగ్రీలు దాటి వేడెక్కితే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద మరిచిపోతే ఆ వేడికి చేరడానికి కొద్ది నిమిషాలు చాలు. వెలువడే వాయువులకు మనిషి దగ్గుతాడేమో, పక్కగదిలోని బడ్జీ మాత్రం నిమిషాల్లో చనిపోవచ్చు. పంజరం వంటింట్లో కానీ, వంటింటి తలుపుకు ఎదురుగా కానీ ఉండకూడదు. పక్షులున్న ఇంట్లో ఇనప పెనం వాడటం ఇంకా మంచిది. మిరపకాయల పోపు ఘాటు, సాంబ్రాణి, దోమల కాయిల్, కలరా ఉండలు, గదిలో కొట్టే స్ప్రేలు కూడా దూరంగానే ఉండాలి.

వెలుతురు, చీకటి, ఒక మట్టి కుండ

మన కంటిలో రంగును గుర్తించే కణాలు మూడు రకాలు, పక్షి కంటిలో నాలుగు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని అవి చూస్తాయి. బడ్జీ తల మీది పసుపు ఈకలు ఆ కాంతిని పీల్చుకుని మెరుస్తాయని, జత ఎంపికలో ఆ మెరుపు పనికొస్తుందని 2002లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. విటమిన్ డి తయారీకి కావలసిన అతినీలలోహిత-బి కిరణాలను కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపలికి రానిస్తుంది. అందుకే అద్దం వెనక ఎండ పక్షికి లాభం లేని ఎండ. పొద్దున కొద్దిసేపు తెరిచిన కిటికీ దగ్గర, సగం పంజరం నీడలో ఉండేలా పెడితే చాలు. ఎండ ఎక్కువనిపిస్తే అదే నీడలోకి జరుగుతుంది.

చీకటి కూడా అంతే అవసరం. రోజుకు 10 నుంచి 12 గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. రాత్రి పదకొండు దాకా టీవీ, లైటు ఉన్న గదిలో పక్షి శరీరం పొడవైన పగళ్లు వచ్చాయని లెక్కేసుకుని గుడ్లు పెట్టే కాలంలోకి వెళ్తుంది. దానికి తోడు దుకాణదారు ఇచ్చిన కుండ. బడ్జీలు అడవిలో చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. కుండ వాటి కంటికి తొర్రే. అవి కుండలో నిద్రపోవు, కొమ్మ మీద వాలి నిద్రపోతాయి. కుండ కనిపిస్తే గుడ్లు పెడతాయి, ఒక విడత తర్వాత మరో విడత. గుడ్డు పెంకు కోసం ఒంట్లోని కాల్షియం కరిగిపోయి, ఆఖరికి గుడ్డు బయటికి రాక ఆడపక్షి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు వద్దనుకుంటే కుండను దుకాణంలోనే వదిలి రావాలి.

గది అనే అసలు గూడు

తలుపు తెరిచే ముందు గదినీ పరీక్షించాలి. మొదట సీలింగ్ ఫ్యాను. 120 సెంటీమీటర్ల వెడల్పున్న ఫ్యాను నిమిషానికి 350 సార్లు తిరిగితే రెక్క అంచు వేగం గంటకు దాదాపు 80 కిలోమీటర్లు. దాన్ని ఆపలేని వేసవి మధ్యాహ్నాల్లో పక్షిని వదలకూడదు. అందుకు పొద్దుటి చల్లదనమే సరైన వేళ. కిటికీ అద్దాలకు తెర వేయాలి, లేకపోతే ఆకాశమనుకుని గుద్దుకుంటుంది. అద్దాల తలుపులు, నీళ్లు నిండిన బకెట్లు, తెరిచిన వంటింటి తలుపు, అన్నీ మూయాలి.

సూరత్ వంటి ఊరికి మరో రెండు జాగ్రత్తలు. జనవరి 14 చుట్టూ ఉత్తరాయణ్ గాలిపటాల రోజుల్లో కిటికీ ఒక్క నిమిషం కూడా తెరిచి ఉండకూడదు. మాంజా దారానికి గాయపడే పక్షుల కోసం గుజరాత్ ప్రభుత్వం ఏటా కరుణ అభియాన్ నడుపుతోంది. ఇంటి పక్షి తప్పించుకుంటే దాని ముందున్నది అదే ఆకాశం. ఇక వానాకాలంలో ఖాడీలు పొంగి పర్వత్ పాటియా వీధుల్లోకి నీళ్లు వస్తుంటాయి. కింది అంతస్తుల వారు పెద్ద పంజరంతో పాటు చేత్తో పట్టుకుపోగలిగే చిన్న పెట్టెను సిద్ధంగా ఉంచుకోవాలి.

కొలతలు కలవకపోతే

ఈ పరీక్షల్లో ఏ ఒక్కదానిలోనైనా ఇల్లు నెగ్గకపోవచ్చు. మూడు గంటల వేడి తగ్గదు, ఎగరడానికి గది దొరకదు, రాత్రి లైటు ఆరదు. అప్పుడు పక్షిని కొనకపోవడమే ఆ పరీక్షల ఫలితం. పిల్లలకు ఆ అంకెలు చూపిస్తే వాళ్లకూ అర్థమవుతుంది, వాళ్లు చేసిన మొదటి శాస్త్ర ప్రయోగమూ అదే అవుతుంది.

పక్షి లేని ఇల్లు కావాల్సిన పని కూడా లేదు. గుజరాత్ ఊళ్లలో, పాత అహ్మదాబాద్ వీధుల్లో స్తంభం మీద చెక్కిన చిన్న మండపాల్లా 'చబూత్రో'లు కనిపిస్తాయి. పక్షులకు గింజలు, నీళ్లు పెట్టే కట్టడాలవి. వాటికి తలుపులు లేవు. ఆ పద్ధతిలోనే నీడపట్టున ఒక మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చవచ్చు. 32 మిల్లీమీటర్ల రంధ్రమున్న చెక్క పెట్టెను ఎండ తగలని గోడకు, పిల్లులకు అందని ఎత్తులో బిగిస్తే పిచ్చుకలు రావచ్చు. అవి ఉంటాయో లేదో అవే తేల్చుకుంటాయి.